గచ్చిబౌలికి బండి బేరము



గచ్చిబౌలిలో బిడ్డ ఉద్యోగము చేయుచున్న యిల్లు ఒకటైనను లేని వీధి నేడు మన పల్లెలలో అరుదు. ఏబది యేండ్ల క్రిందట ఆ పేరును మనము వినియుండలేదు. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము అచ్చటి రాతిగుట్టల నడుమ తన యావరణమును నెలకొల్పుకొన్నది. 1998లో చేరువనున్న మాదాపురమున సైబర్ టవర్సు అను మేడ వెలసినది. ఆ సంవత్సరమే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ యారంభమైనది. ఆ వెనుక కంపెనీలు, కంపెనీల వెనుక అంతస్తుల యిండ్లు, ఆ యిండ్లలో మన పిల్లలు, వారిని చూచుటకు మనము.

ఆ యూరికి పోవుటలో రైలు ప్రయాణము కష్టము గాదు. కష్టమంతయు రైలు దిగిన పిమ్మటనే. సముద్రము లేకపోయినను హైదరాబాదునకు రేవులు కలవు. సికిందరాబాదు రైలుస్టేషను ఒక రేవు, మహాత్మాగాంధీ బస్సుస్టేషను ఒక రేవు, 2008లో తెఱచిన శంషాబాదు విమానాశ్రయము మఱియొక రేవు. మొదటి రెంటినుండి గచ్చిబౌలికి ఇంచుమించు ఇరువది కిలోమీటర్లు. శంషాబాదునుండి ముప్పదికి చేరువ. ఆ రేవున దిగినవానికి ఎదురగు ప్రశ్న యొక్కటే. గేటు వెలుపల చుట్టుముట్టు టాక్సీవారిలోను, ఆటోవారిలోను ఒకనితో బేరమాడి యెక్కవలెనా? లేక ఫోనులోని యాప్ ద్వారా బండిని పిలిపించుకొనవలెనా? నేను ఆఱేడేండ్లుగా ఏటికి రెండు మూడు మారులు మా అమ్మాయి యింటికి పోవుచు రెండు పద్ధతులను వాడి చూచితిని. ఆ యనుభవమునుండి తేలినదానిని మీకు విన్నవింపదలచినాను.

ఈ ప్రశ్న చిన్నదని కొట్టివేయరాదు. మా గ్రామమున ఒక వృద్ధదంపతులు కోడలి పురిటికని బయలుదేరి రాత్రి పదునొకండు గంటలకు పట్నములో బస్సు దిగిరి. కుమారుడు ఆసుపత్రిలోనుండి ఫోను తీయలేదు. ఆటోవాడొకడు చెప్పిన మొత్తమునకు వారు జంకిరి. ఫోనుతో బండిని పిలుచుట వారికి తెలియదు. తెల్లవాఱుదాక బెంచీమీద కూర్చుండిరి. వారు చేరునప్పటికి మనుమడు పుట్టి నాలుగు గంటలైనది. ఆ పెద్దమనిషి నాతో డబ్బు మాట చెప్పలేదు. "పంతులుగారూ, ఊళ్లో పదిమందికి తగవు తీర్చేవాణ్ణి. అక్కడ నా కాళ్లు నావి కాకుండా పోయాయి" అనిరి. అటుపిమ్మట వారు పట్నము పోవుటయే మానిరి. బిడ్డ సెలవు పెట్టి వచ్చి తోడ్కొనిపోయిననే గాని కదలలేని స్థితి మనకు గౌరవము గాదు, బిడ్డకు సౌకర్యమును గాదు.

మన పూర్వులకు రేవు బేరము క్రొత్త గాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున ఏఱు దాటించు పడవకు ఈయవలసిన కూలి విధింపబడియున్నది. బండికి ఇంత, బరువు మోయువానికి ఇంత, పశువునకు ఇంత యని వివరము కలదు. గర్భిణులకును సన్న్యాసులకును కూలి లేదని యచ్చటనే యున్నది. దూరప్రయాణమైనచో దేశకాలములను బట్టి కూలి యుండవచ్చునని మఱియొక నియమము. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఈ పనిని చూచుటకు నావధ్యక్షుడను అధికారియే కలడు. వీనియందు ఇమిడియున్న సూత్రములు రెండు. ఎక్కకమునుపే కూలి ఇంతయని ఇరువురకును తెలియవలెను. తగవు వచ్చినచో జవాబు చెప్పుటకు ఒకడుండవలెను. ఏ బండి మంచిదో తేల్చుటకు ఈ రెండు సూత్రములే నేటికిని చాలునని నా యభిప్రాయము.

టాక్సీ యను మాటయే కూలిని లెక్కించు మీటరు పేరునుండి పుట్టినది. జర్మనీ దేశస్థుడగు బ్రూన్ 1891లో ఆ యంత్రమును కల్పించెను. తిరిగిన చక్రమును బట్టి కూలి పడును గనుక నోటి బేరముతో పనిలేదు. మన హైదరాబాదున ఆటోలకు 2014లో ప్రభుత్వము మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరునకు 11 రూపాయలు అని ధర కట్టినది. అటుపిమ్మట ఇంధనము, బండి, యింటి యద్దె అన్నియు పెరిగినవి. ఆ ధరకు నడిపిన గిట్టదని ఆటోవారు మీటరు వేయుట మానిరి. గిట్టకపోవుట నిజమే; కాని మీటరు ఆగినచోట మొదటి సూత్రము చెడినది. మొగము చూచి మొత్తము చెప్పుట మొదలైనది. పంచెకట్టు, చేతిలో బియ్యపుమూట కనబడినచో ఆ మొత్తము మఱి కొంత పెరుగును.

ఆ ఖాళీలోనికే యాప్‌లు వచ్చినవి. అమెరికాలో 2009లో ఊబర్, మన దేశమున 2010లో ఓలా, 2015లో ర్యాపిడో పుట్టినవి. ఊబర్ 2013లో భారతదేశమునకు వచ్చినది. ఈ కంపెనీలు పశువుల సంతలోని దళారుల వంటివి. బండి వేఱొకనిది, ప్రయాణము మనది. ఇరువురను కలుపుట వీరి వృత్తి. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు వీరికి అగ్రిగేటరు అను పేరు చట్టములోనికెక్కినది. 2025 జూలైలో కేంద్రప్రభుత్వము వీరిని గూర్చి క్రొత్త మార్గదర్శకములను ప్రకటించినది. వానిని అమలుపఱచుట రాష్ట్రముల పని. వానిప్రకారము రద్దీవేళ కూలి మూలధరకు రెండు రెట్లు మించరాదు. అనగా మూలధర 300 అయినచో 600 దాటరాదు. సొంత బండి తెచ్చుకొన్న డ్రైవరునకు కూలిలో నూటికి 80 తగ్గకుండ ముట్టవలెను. ఒప్పుకొన్న బేరమును తగిన కారణము లేక ఎవరు రద్దు చేసినను, డ్రైవరైనను ప్రయాణికుడైనను, కూలిలో పదవవంతు, 100 రూపాయలకు మించకుండ, దండుగ.

యాప్ పనిచేయు తీరు సులభము. మనమున్న చోటును ఫోను తానే కనిపెట్టును. పోవలసిన చోటును మనము చెప్పవలెను. తెలుగున నోటితో చెప్పినను గ్రహించు ఫోనులు కలవు. వెంటనే కారునకు ఇంత, ఆటోకు ఇంత, మోటారుసైకిలుకు ఇంత యని తెఱమీద కనబడును. ఒప్పుకొన్నచో దగ్గఱనున్న డ్రైవరునకు కబురు పోవును. అతని పేరు, ఫొటో, బండి సంఖ్య మనకు వచ్చును. దానితోపాటు నాలుగంకెల సంఖ్య యొకటి వచ్చును. దానిని ఓటీపీ యందురు. బండిలో కూర్చుండి ఆ యంకెలు చెప్పినగాని ప్రయాణము మొదలుకాదు. బండి ఎచ్చట పోవుచున్నదో మన బిడ్డ తన యింటనుండియే చూచునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. మొదటి సూత్రమును, రెండవ సూత్రమును ఇచ్చట చాలవఱకు నెఱవేఱుచున్నవి.

ఐనను దోషములు లేకపోలేదు. మొదటిది కాలమును బట్టి మాఱు కూలి. సాయంకాలము ఆఱునుండి తొమ్మిదివఱకు గచ్చిబౌలి కార్యాలయములు వదలునప్పుడును, వాన పడినప్పుడును బండ్లు తక్కువ, పిలుచువారు ఎక్కువ, కూలి పెరుగును. దేశకాలములను బట్టి యను పాత నియమమే యిది. ఐతే ఒకటి గమనింపుడు. ఆ కూలి పావుగంటకు మాఱును, యాప్‌నుబట్టియు మాఱును. తొందర లేనిచో టీ త్రాగి మఱల చూడవచ్చును.

రెండవది, ఒప్పుకొని రాకపోవుట. నాకు పలుమారు జరిగినది. బండి ఖాయమైన వెంటనే ఫోను మ్రోగును. "ఎక్కడ దిగాలె పెద్దాయనా? పైసలు చేతికిస్తవా, ఆన్‌లైనా?" అని ప్రశ్న. జవాబు నచ్చనిచో, "మీరే క్యాన్సిల్ కొట్టుండ్రి" అని సలహా. అట్లు కొట్టరాదు. మనము రద్దు చేసినచో దండుగ మన నెత్తిన పడవచ్చును. "రాలేకుంటే నువ్వే రద్దు చేసుకో నాయనా" అని మెత్తగా చెప్పి ఊరకుండవలెను. మఱికొందఱు వచ్చి, "యాప్ ఆపేస్తా, నాకే ఇయ్యుండ్రి, యాభై తక్కువ" అందురు. ఆ క్షణముననే యాప్ బేరము ముగిసి వీధిబేరము మొదలైనది. పేరు, దారి, సాక్ష్యము అన్నియు పోయినవి. ఏబది రూపాయలకు వానిని అమ్ముకొనరాదు.

మూడవది గచ్చిబౌలికే ప్రత్యేకమైనది. అచ్చటి కూడలిలో రోడ్లు ఒకదానిపై నొకటి పఱచుకొనియున్నవి. 2022లో శిల్పా లేఅవుట్ వంతెన, 2025 జూన్‌లో దానిపైనుండి పోవు పీజేఆర్ వంతెన తెఱచిరి. క్రింద నిలుచున్న మనలను ఫోనులోని పటము పైవంతెనమీద చూపవచ్చును. డ్రైవరు పైకిపోయి, చుట్టి వచ్చుటకు చాలసేపు పట్టును. కావున కూడలిలో నిలిచి బండిని పిలువరాదు. ఒక దుకాణముముందో, ఆసుపత్రి గేటుముందో నిలిచి పిలిచి, డ్రైవరునకు ఆ పేరు నోటితో చెప్పవలెను. అపార్టుమెంట్లకు నాలుగైదు గేట్లుండును. బిడ్డ చిరునామాలో గేటు సంఖ్యను కాగితముమీద వ్రాయించుకొని జేబులో నుంచుకొనుడు. ఫోను ఆరిపోయినను కాగితము ఆరిపోదు.

ఇక వీధిబండి గుణములు చూతము. అది కనుచూపుమేరలో నుండును. ఫోను అక్కఱలేదు. మూటలెత్తుటకు మనిషి యుండును. దారిలో గుడివద్ద ఒక్క నిముసమాపు మనిన ఆపును. తెల్లవాఱుజామున యాప్‌లో బండి దొరకనప్పుడు ఇతడే దిక్కు. కాని ఎక్కకమునుపు మొత్తము తేల్చుకొనవలెను; టోలుగేటు రుసుము, పార్కింగు రుసుము అందు చేరినవో లేవో అడుగవలెను. ముందుగా కౌంటరువద్ద చెల్లించి రసీదు పొందు ప్రీపెయిడ్ టాక్సీ, ఉన్నచోట, మంచిదే. విమానాశ్రయమున అట్టి యేర్పాటు కలదు. రసీదుమీద బండి సంఖ్య యుండును గనుక జవాబుదారి దొరకును.

యాప్‌లో పిలిచిన ఆటో ఈ రెంటికి నడుమనున్నది. 2025 ఫిబ్రవరినుండి ఊబర్ సంస్థ ఆటోల విషయమున కూలిలో వాటా మాని, డ్రైవరునుండి చందా తీసికొను పద్ధతికి మాఱినది. అందు కూలి నేరుగ డ్రైవరు చేతికే పోవును. తెఱమీద కనబడు మొత్తము సూచన మాత్రమే. కావున యాప్ ఆటోలో కూర్చుండునప్పుడే "ఇందులో చూపిన మొత్తమేనా?" అని ఒక్కమాట యడిగి ఎక్కుడు.

ఏ రేవున ఏది మేలో చెప్పెదను. పగటివేళ, చేతిసంచి మాత్రమే యున్నచో కారును తలపెట్టవలసిన పనిలేదు. సికిందరాబాదు స్టేషను ప్రక్కనే మెట్రోరైలు ఎక్కినచో నేరుగ రాయదుర్గము చేరవచ్చును. ఆ స్టేషను 2019 నవంబరులో తెఱచిరి. సుమారు ముప్పావుగంట ప్రయాణము. అచ్చటినుండి గచ్చిబౌలి మూడు నాలుగు కిలోమీటర్లే. ఆ కొద్ది దూరమునకు ఆటో చాలును. మహాత్మాగాంధీ బస్సుస్టేషనులో దిగినవారు మియాపురము పోవు మెట్రో ఎక్కి, అమీరుపేటలో మాఱి, రాయదుర్గము బండి ఎక్కవలెను. తెలంగాణ స్త్రీలకు 2023 డిసెంబరు 9నుండి ఆర్టీసీవారి సాధారణ సిటీ బస్సులలో ఛార్జీ లేదు; గుర్తింపుకార్డు వెంటనుండవలెను.

టిక్కెట్టు కొనునప్పుడే ఏ స్టేషనులో దిగుదుమో చూచుకొనుట అన్నిటికంటె లాభము. తిరుపతినుండి వచ్చు నారాయణాద్రి, కాకినాడ రేవునుండి వచ్చు గౌతమి లింగంపల్లివఱకు పోవును. లింగంపల్లినుండి గచ్చిబౌలి పది కిలోమీటర్లకు లోపే. అట్లుగాక 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినలులో దిగినచో నగరము ఈ చివరనుండి ఆ చివరకు దాటవలెను. బండికూలిలో మిగులునది బేరమున కంటె ఇచ్చటనే ఎక్కువ.

రాత్రి పొద్దుపోయినను, బియ్యపుమూట, ఆవకాయజాడీ వెంటనున్నను, ఆడవారు ఒంటరిగ నున్నను యాప్ కారు మేలు. మీకు యాప్ లేకపోయినను బాధలేదు. గచ్చిబౌలిలో కూర్చున్న బిడ్డ తన ఫోనునుండి సికిందరాబాదులోనున్న మీకు బండి పంపవచ్చును. బండి సంఖ్య మీకు సందేశముగ వచ్చును. శంషాబాదులో దిగినవారికి ఆర్టీసీవారి పుష్పక్ బస్సులలో గచ్చిబౌలి మీదుగ పోవునవి కలవు. అవి దొరకని వేళ ప్రీపెయిడు గాని యాప్ గాని తీసికొనవచ్చును.

ఎక్కునప్పుడు చూడవలసిన గుఱుతులు కొన్ని. కిరాయి కారునకు పసుపుపచ్చ పలకమీద నల్లని యక్షరములుండును. విద్యుత్తు కారైనచో ఆకుపచ్చ పలకమీద పసుపు యక్షరములు. ఫోనులోని సంఖ్యయు పలకమీది సంఖ్యయు ఒకటిగా లేనిచో ఎక్కరాదు. "మీ పేరు చెప్పండి, మీ కోసమే వచ్చిన" అనువానికి మీ పేరు చెప్పకుడు, అతనిచేతనే చెప్పింపుడు. దారిలో భయము తోచినచో 112కు ఫోను చేయుడు.

మఱియొక ముఖ్యవిషయము. బండిలో కూర్చుండి డ్రైవరునకు చెప్పు ఓటీపీ వేఱు, బ్యాంకునుండి వచ్చు ఓటీపీ వేఱు. మొదటిది బండియెక్కిన పిమ్మట ఎదుటివానికి నోటితో చెప్పుటకు. రెండవది ఎవ్వరికిని చెప్పుటకు గాదు. "మీ బండి డబ్బు తిరిగి ఇస్తాము, ఓటీపీ చెప్పండి" అని ఫోనులో ఎవరైనను అడిగినచో అది మోసమే. కంపెనీమీద ఫిర్యాదు చేయదలచినచో యాప్ లోపలనే చేయవలెను. ఇంటర్నెటులో వెదకి దొరికిన ఫోను సంఖ్యకు చేయరాదు. అట్టి సంఖ్యలలో దొంగలు కాచుకొనియుందురు. బండిబేరములో పోవునది వంద రెండు వందలు. ఇందు పోవునది పంటడబ్బంతయు.

డ్రైవరును గూర్చి ఒకమాట చెప్పకపోవుట న్యాయము గాదు. అతడును పాలమూరునుండియో, నల్లగొండనుండియో వచ్చిన మన పల్లెబిడ్డయే కావచ్చును. కారు అప్పుమీద కొన్నది. నెలకు వాయిదా కట్టవలెను. మనమిచ్చినదంతయు అతని చేతికి పోదు. సంతలో దళారి తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టినట్లు, మనమెంత యిచ్చుచున్నామో అతనికెంత ముట్టుచున్నదో ఒకరిది ఒకరికి తెలియదు. అతడు దూరమడుగుట, రొక్కమడుగుట ఒక్కొక్కమారు దురాశచేత గాక ఆ దినపు డీజిలు కొఱకని నేను మాటలలో తెలిసికొంటిని. కావున బేరమున గట్టిగ నుండుడు, మాటలో మెత్తగ నుండుడు. చిల్లర సిద్ధముగ నుంచుకొనుడు.

ఇంతకును నా నిర్ణయమేమనగా, యాప్‌ను బండిగా వాడకపోయినను తక్కెడగా వాడుడు. సికిందరాబాదునుండి గచ్చిబౌలికి కూలి యెంతయో మన యరుగుమీద కూర్చుండి, దమ్మిడీ ఖర్చు లేకుండ, ఫోనులో చూడవచ్చును. బండిని పిలువనక్కఱలేదు. మనుమనిచే ఒకమారు చేయించి చూచి, తరువాత నాలుగుమారులు స్వయముగ అభ్యసింపుడు. అక్షరాభ్యాసము చేసినవారికి ఇది పెద్దపని గాదు. ధర తెలిసిన పిమ్మట వీధిబండివాడు దానికంటె కొంత యెక్కువ అడిగినను, మూటలు మోసి వెంటనే కదలుచున్నాడు గనుక ఇచ్చుట తప్పుగాదు. రెట్టింపు అడిగినచో నవ్వి ముందుకు నడువవచ్చును. తూనిక తన చేతనున్నవాడు ఏ యంగడికి పోయినను తల వంచుకొనవలసిన పనిలేదు.

ఈ యేడు పంట ఇంటికి చేరిన పిమ్మట బిడ్డను సెలవు పెట్టుమని యడుగక మీరే బయలుదేఱుడు. ముందుగా "వచ్చుచున్నాము" అని ఒక్కమాట మాత్రము చెప్పుడు. సెలవు.